మాల్టాలో టీచర్ల కొరత ఎవరి కోసం?

మధ్యధరా సముద్రం నడుమ, సిసిలీకి దక్షిణాన మాల్టా ఉంది. మొత్తం 316 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర ఒకటి రెండు మండలాలు కలిపితే అంత. 2021 జనగణనలో జనాభా 5,19,562గా తేలింది. అందులో ఐదోవంతుకు మించి విదేశీయులే. ఆ లెక్కలో విదేశీయుల్లో ఇటలీ, బ్రిటన్ వారి తర్వాత ఎక్కువగా కనిపించింది మన దేశస్థులే. ఇంగ్లీషు అక్కడ అధికార భాషల్లో ఒకటి. మాల్టా 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది, 2008లో యూరో తెచ్చుకుంది. వీటన్నిటికీ తోడు అక్కడి బడుల్లో టీచర్లు చాలడం లేదన్న వార్త ఏటా వస్తూనే ఉంటుంది. బీఈడీ చేసి, ఇంగ్లీషు మీడియం బడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మన టీచర్‌కు ఈ వివరాలన్నీ ఒకచోట కనిపిస్తే, అక్కడికి వెళ్తే చాలు, పని దొరక్కపోదు అనిపించడం సహజం. కొరత ఉన్న మాట నిజమే. అయితే అది ఫలానా రకం టీచర్ల కొరత. పిల్లల భాష వచ్చి, అక్కడి చట్టం గుర్తించే చదువు చదివి, అక్కడిచ్చే జీతానికి ఒప్పుకునే వాళ్లు చాలడం లేదు. కాబట్టి మాల్టాలో టీచర్ ఉద్యోగం వెతకాల్సింది మాల్టాకు చేరాక కాదు. ఇంట్లో ఉండగానే, ఏ తరగతికి, ఏ సబ్జెక్టుకు, ఏ అనుమతి మీద అన్నది తేల్చుకుని వెతకాలి. మొదట ఏదో ఒక పని మీద వెళ్లి తర్వాత బడిలోకి మారదామనుకున్న వాళ్లలో చాలామందికి బడి గడప దూరంగానే మిగిలిపోతుంది.

అక్కడి బడులు మూడు రకాలు. ప్రభుత్వ బడులు, కాథలిక్ చర్చి నడిపే బడులు, ఫీజులు కట్టి చదివే ప్రైవేటు బడులు. చర్చి బడుల జీతాల భారం 1991 నాటి ఒప్పందం ప్రకారం ప్రభుత్వమే మోస్తుంది కనుక వాటిలో ట్యూషన్ ఫీజు ఉండదు. చదువు 5 నుంచి 16 ఏళ్ల దాకా నిర్బంధం. ప్రాథమిక తరగతుల్లో క్లాస్ టీచరే దాదాపు అన్ని సబ్జెక్టులూ చెప్పాలి. వాటిలో మాల్టీస్ భాష ఒకటి. అరబ్బీ మూలం నుంచి వచ్చి, సిసిలీ, ఇటలీ మాటలు నిండా కలుపుకుని, లాటిన్ లిపిలో రాసుకునే భాష అది. ఒకటి రెండేళ్లలో వీధిలో మాట్లాడేంత పట్టుబడుతుందేమో గాని, పిల్లలకు చదవడం రాయడం నేర్పేంత రాదు. కాథలిక్ మత బోధన కూడా నిర్బంధ విద్యలో భాగమని రాజ్యాంగం రెండో అధికరణమే చెబుతోంది, తల్లిదండ్రులు వద్దంటే ఆ పిల్లవాణ్ని మినహాయించవచ్చు. అంటే ప్రభుత్వ, చర్చి బడుల ప్రాథమిక తరగతుల్లో కొరత ఎంత ఉన్నా అది బయటి దేశం వారికి దాదాపు అందనిదే. మన ప్రైమరీ టీచర్లు, ముఖ్యంగా డీఈడీ చేసి చిన్నపిల్లలకు చెప్పడంలో చేయి తిరిగినవాళ్లు, ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇది.

హైస్కూలు స్థాయిలో పరిస్థితి వేరు. లెక్కలు, భౌతికశాస్త్రం, కంప్యూటింగ్ లాంటి వాటికి పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషువే, ప్రశ్నపత్రాలూ ఇంగ్లీషువే. కానీ తరగతి గదిలో జరిగేది కొంచెం దగ్గరగా చూడాలి. బోర్డు మీద సమీకరణం, దాని కింద లెక్క, అందులోని పారిభాషిక పదాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. పిల్లవాడు అర్థం కాలేదన్నప్పుడు టీచరు ఇంకోలా విడమరిచి చెప్పేది, అదిలించేది, మెచ్చుకునేది మాత్రం తరచుగా మాల్టీస్‌లో. మన జిల్లాల్లో ఇంగ్లీషు మీడియం బడిలో సైన్సు టీచరు నిర్వచనం ఇంగ్లీషులో చెప్పి, వివరణ తెలుగులో ఇచ్చే పద్ధతే అది, ఎరిగినవారికి కొత్తగా ఉండదు. ఆ రెండో సగం లేని టీచరు పాఠం సగమే చెప్పగలరు. దానికీ ఒక మినహాయింపు పెరుగుతోంది. సెయింట్ పాల్స్ బే లాంటి చోట్ల విదేశీ కుటుంబాలు ఎక్కువ. అక్కడి తరగతుల్లో ఇటలీ, సెర్బియా, సిరియా, భారత్ పిల్లలు కలిసి కూర్చుంటారు. వాళ్లందరికీ ఉమ్మడిగా తెలిసిన భాష, లేదా తెలియాల్సిన భాష, ఇంగ్లీషే. ప్రైవేటు బడుల్లోనూ, 1976లో మొదలైన వెర్డాలా లాంటి అంతర్జాతీయ బడుల్లోనూ బోధనంతా ఇంగ్లీషులోనే సాగుతుంది. లెక్కలు, సైన్సు, కంప్యూటర్ చెప్పే మన టీచర్లకు నిజంగా అవకాశం ఉన్న చోట్లు ఇవి.

ఆ అవకాశాన్ని అందుకోవాలన్నా రెండు కాగితాలు కావాలి. ఒకటి మన డిగ్రీ అక్కడి ఏ స్థాయికి సమానమో చెప్పే గుర్తింపు పత్రం. దాన్ని ఎం.క్యు.ఆర్.ఐ.సి అనే కేంద్రం ఇస్తుంది. రెండోది టీచర్ వారెంటు. ఉపాధ్యాయ వృత్తి మండలి పరిశీలించాక వచ్చే ఈ వారెంటు లేకుండా పూర్తి స్థాయి టీచర్‌గా నిలదొక్కుకోవడం కుదరదు. పూర్తి అర్హత లేనివారిని అవసరాన్ని బట్టి సప్లై టీచర్లుగా తాత్కాలికంగా తీసుకుంటారు. ఇక్కడ మనవాళ్లు గమనించాల్సిన తేడా ఒకటుంది. మాల్టా విశ్వవిద్యాలయంలో 2016 నుంచి టీచర్ కావాలంటే డిగ్రీ మీద రెండేళ్ల మాస్టర్స్ చేయాలి. మన దగ్గర బీఈడీ రెండేళ్లది అయింది ఎన్‌సీటీఈ 2014 నిబంధనల తర్వాతే. అంతకు ముందు ఏడాదిలో బీఈడీ ముగించినవారికి అనుభవం ఎక్కువ ఉన్నా, కాగితం మీద చదువు తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. పీజీ, ఎంఈడీ ఉన్నవారు అన్నీ కలిపి సమర్పించుకోవడం అందుకే మేలు. ఇది అన్యాయం కాదా అని అడిగితే, పదిహేనేళ్లు తరగతి గదిలో నిలబడ్డవారి విషయంలో కచ్చితంగా అన్యాయమే. కానీ ఆ లెక్క మార్చే శక్తి ఉద్యోగం వెతుక్కునేవారి చేతిలో లేదు. సమయానికి ముందే తెలుసుకోవడం ఒక్కటే వారి చేతిలో ఉంది.

అసలు ఈ కొరత ఎందుకొచ్చిందో చూస్తే మన టీచరు అక్కడికి వెళ్లి ఏం ఎదుర్కోవాలో అర్థమవుతుంది. అక్కడి యువతకు ఆన్‌లైన్ గేమింగ్ కంపెనీలు, ఆర్థిక సేవల సంస్థలు మెరుగైన జీతాలిస్తున్నాయి. ఉన్న టీచర్లకు పనిభారం, క్రమశిక్షణ సమస్యలు, జీతం అసంతృప్తి. 1919లో పుట్టిన మాల్టా టీచర్ల సంఘం 2023 నవంబరులో జీతాల ఒప్పందం కోసం సమ్మె చేసింది. మరుసటి ఏడాది కొత్త ఒప్పందం కుదిరాక ప్రభుత్వ, చర్చి బడుల జీతాలు పెరిగాయి. ఆ పెరుగుదలతో ప్రైవేటు బడుల వాళ్లు తమ టీచర్లను నిలుపుకోలేకపోతున్నామని వాపోయారు. విదేశీ టీచరుకు తలుపు ఎక్కువగా తెరుచుకునేది ఈ ప్రైవేటు బడుల్లోనే. అంటే స్థానికులు వదిలేస్తున్న కుర్చీలోకే మనం వెళ్తున్నాం. స్థానికుడికి సొంత ఇల్లో, తల్లిదండ్రుల ఇల్లో ఉంటుంది. మనకు అద్దె ఉంటుంది. 2020 నుంచి అద్దె ఒప్పందాలు గృహనిర్మాణ సంస్థ దగ్గర నమోదు కావాలి, నివాస అనుమతికి ఆ కాగితం అడుగుతారు. కాబట్టి బంధువుల గదిలో ఓ మూల సర్దుకుందామన్న ఆలోచన ఆ కాగితం లేకుండా నిలవదు. 2025లో అక్కడి కనీస వేతనం వారానికి 222 యూరోల దగ్గర ఉంది. దానికి కాస్త పైన ఉన్న జీతంతో స్లీమా, సెయింట్ జూలియన్స్ లాంటి చోట్ల అద్దె కట్టి కుటుంబాన్ని పోషించడం అసాధ్యమని ఎవరికైనా లెక్క వేస్తే తెలుస్తుంది. జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకునే అలవాటు ఈ లెక్కను కప్పేస్తుంది.

బడులు కాకుండా మాల్టాలో బోధనకు ఇంకో పెద్ద రంగం ఉంది. విదేశీయులకు ఇంగ్లీషు నేర్పే భాషా పాఠశాలలు. ఇటలీ, ఫ్రాన్స్, జర్మనీ, బ్రెజిల్, కొలంబియా, జపాన్ నుంచి వచ్చే విద్యార్థులు ఎండలో సముద్రస్నానం, ఉదయం ఇంగ్లీషు పాఠం రెండూ ఒకే టికెట్టులో దొరుకుతాయని వస్తారు. 2019లో వారి సంఖ్య 80 వేలు దాటింది. కరోనా ఆ రంగాన్ని ఒక్క దెబ్బతో కూలదోసింది, తర్వాత మెల్లగా కోలుకుంది. ఈ బడులకు ప్రభుత్వ ఈఎల్‌టీ (ఇంగ్లీషు భాషా బోధన) కౌన్సిల్ లైసెన్సు ఇస్తుంది, టీచరుకూ విడిగా అనుమతి కావాలి. కేంబ్రిడ్జి సెల్టా లాంటి సర్టిఫికెట్టు, ఇంగ్లీషు మీద ఉన్నత స్థాయి పట్టు చూపాలి. సెల్టాలో 120 గంటల శిక్షణ, అందులో నిజమైన విద్యార్థులకు ఆరు గంటలు పాఠం చెప్పి పరీక్షకులకు చూపించడం ఉంటుంది. మన ఎంఏ ఇంగ్లీషు, బీఈడీ దానికి బదులు కావు, ఎందుకంటే అక్కడ నేర్పేది సాహిత్యం కాదు, వ్యాకరణ సూత్రాల వల్లింపు అంతకంటే కాదు. ఎదుటి మనిషిచేత మాట్లాడించడం ఆ పనిలో ప్రధానం. అయితే ఆ రంగానికి ఒక సహజ లక్షణం ఉంది. జులై, ఆగస్టుల్లో టీచర్లు చాలరు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గంటలు పడిపోతాయి. గంటకు ఇంత అని చెల్లించే పని కనుక గంటలు పడితే ఆదాయం పడుతుంది. వేసవికి వచ్చి వెళ్లిపోయే యూరప్ యువతకు అది సరిపోతుంది. కుటుంబాన్ని తీసుకుని నివాస అనుమతి మీద వెళ్లినవారికి చలికాలం నెలలు గడ్డుగా ఉంటాయి. అందుకే ఈ రంగంలో ఉద్యోగం ఒప్పుకునేముందు ఆగస్టు గంటల మాట కాదు, జనవరిలో కనీసం ఎన్ని గంటలు ఇస్తామని కాంట్రాక్టులో రాస్తారో అడగాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది, అది తేలికైనది కాదు. ఎంత శిక్షణ ఉన్నా భారతీయ టీచర్‌ను ఇంగ్లీషు పాఠానికి తీసుకోరు, పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవారినే కోరుకుంటారు, కాబట్టి ఈ అర్హతల మాటంతా వృథా అని. ఆ పక్షపాతం ఉంది, ప్రపంచమంతటా ఉంది, దాన్ని సమర్థించడానికి బోధన దృష్టితో ఏ ఆధారమూ లేదు. ఇంగ్లీషును రెండో భాషగా కష్టపడి నేర్చుకున్నవారికి, నేర్చుకునేవాడు ఎక్కడ తడబడతాడో ముందే తెలుస్తుంది. అయినా మాల్టా విషయంలో ఈ అభ్యంతరం పూర్తిగా నిలవదు. మాల్టీయులు తామే రెండు భాషల మనుషులు. అక్కడి ఇంగ్లీషు టీచర్లలో ఎక్కువమంది లండన్‌లో పుట్టినవారు కాదు. చట్టం అడిగేది పుట్టిన ఊరు కాదు, పట్టు, శిక్షణ. పైగా బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి కొత్తగా వచ్చే బ్రిటిష్ టీచరు కూడా మన టీచరులాగే యూనియన్ బయటి దేశస్థుడు, ఆయనకూ పర్మిట్ కావాలి. ఇప్పుడు మన టీచరుకు అసలు పోటీ ఐర్లండ్ నుంచో, మరో యూరప్ దేశం నుంచో, ఇంగ్లీషు బాగా వచ్చి, పర్మిట్ అక్కర లేకుండా మర్నాడే పనిలో చేరగలిగేవారితో. బడి యజమాని నెలల తరబడి కాగితాల కోసం ఎందుకు ఆగాలి అన్నదే అక్కడ ప్రశ్న. ఆగడానికి కారణం ఉండాలంటే మన దగ్గర అరుదైనది ఏదో ఉండాలి. లెక్కలో సైన్సో చెప్పగలగడం, దానికి ఇంగ్లీషు రెండో భాష అయిన పిల్లలకు చెప్పిన అనుభవం తోడవడం అలాంటిది.

యజమాని మాట వచ్చింది కనుక పర్మిట్ సంగతి విప్పి చెప్పాలి. యూనియన్ బయటి వారికి పనికీ నివాసానికీ కలిపి ఇచ్చేదాన్ని అక్కడ సింగిల్ పర్మిట్ అంటారు. ఐడెంటిటా అనే సంస్థ ఇస్తుంది. ఈ పనికి మాల్టాలో గాని యూరప్‌లో గాని తగినవారు దొరకలేదని యజమాని చూపించుకోవడం మామూలు పద్ధతి. సూత్రప్రాయ ఆమోదం వచ్చాక మనం వీసా తీసుకుని బయలుదేరతాం. పర్మిట్ ఫలానా యజమాని దగ్గర, ఫలానా పనికి అని ఉంటుంది. ముందు హోటల్లోనో, డెలివరీలోనో, గిడ్డంగిలోనో చేరి తర్వాత బడికి మారితే పోలేదా అనేవారికి జవాబు ఇందులోనే ఉంది. మారడం నిషేధం కాదు, మారినవారూ ఉన్నారు. కానీ మారాలంటే కొత్త యజమాని కొత్త దరఖాస్తు పెట్టాలి, అప్పటికి డిగ్రీ గుర్తింపు, బోధన అనుమతి చేతిలో ఉండాలి. రోజుకు పది గంటలు బైకు మీద తిరుగుతూ, హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్న యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. టూరిస్టు షెంగెన్ వీసా మీద వెళ్లి వెతకడం ఇంకా ప్రమాదం, ఆ 90 రోజుల్లో పని చేసే హక్కే లేదు. స్టూడెంట్ వీసా మీద వెళ్తే తొలి మూడు నెలలు దాటాక వారానికి 20 గంటల దాకా పనికి అనుమతి దొరుకుతుంది. అక్కడే ఉన్నత విద్య చదివి వారెంటు దారిలో పడదలచినవారికి మాత్రమే ఈ మార్గంలో అర్థముంది. ఇంట్లో చదువులకు దాచిన డబ్బంతా పెట్టి ఏదో ఒక భాషా కోర్సులో చేరి ఉద్యోగం వెతకడం కుటుంబం మీద భారం వేయడమే. ఈ విషయంలో ఏజెంట్ల మాటలకు లొంగకూడదని గట్టిగా చెప్పాలి. విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, మన చట్టం ప్రకారం అభ్యర్థి నుంచి 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప సేవా రుసుము తీసుకోకూడదు. లక్షల్లో అడిగారంటే ఆ ఏజెంటుతో మాట అక్కడితో ఆపేయాలి.

బడి చుట్టూ ఉన్న ఇంకో రకం పనుల గురించి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల పక్కన కూర్చుని సాయపడే లెర్నింగ్ సపోర్ట్ ఎడ్యుకేటర్లకూ, శిశు సంరక్షణ కేంద్రాల సిబ్బందికీ డిమాండు ఉంది. 2014 ఏప్రిల్‌లో పనిచేసే తల్లిదండ్రుల పిల్లలకు ఉచిత చైల్డ్‌కేర్ పథకం పెట్టాక ఆ కేంద్రాల అవసరం బాగా పెరిగింది. ఈ పనులను చిన్నచూపు చూడనక్కర లేదు. స్పెషల్ బీఈడీ చేసినవారికి ఇవి సొంత వృత్తే. కానీ హైస్కూలు లెక్కల టీచరు దీన్ని మెట్టుగా అనుకుంటే, ఇది వేరే చదువు కోరే వేరే వృత్తి అని గుర్తుంచుకోవాలి. సాయంత్రాలు ఇళ్ల దగ్గర ట్యూషన్లు చెప్పుకోవడం మాల్టాలోనూ బాగా ఉంది. పర్మిట్‌లో లేని పని అనుమతి లేకుండా చేస్తే మాత్రం ఆ పర్మిట్టే పోవచ్చు.

ఇన్ని అడ్డంకులుంటే ఎవరు వెళ్లాలి అన్న ప్రశ్నకు జవాబు లేకపోలేదు. భర్తో భార్యో అప్పటికే అక్కడ నర్సుగానో, సాఫ్ట్‌వేర్‌లోనో స్థిరపడిన కుటుంబంలో రెండో జీతంగా టీచరు ఉద్యోగం అమరితే అద్దె లెక్క మారిపోతుంది. వారిలో యూరోపియన్ పౌరసత్వం తీసుకున్నవారి జీవిత భాగస్వాములకు పని చేసే హక్కు చట్టరీత్యానే వస్తుంది, యజమానికి పర్మిట్ తలనొప్పి ఉండదు. భారతీయ పాస్‌పోర్టు మీద ఉన్నవారి భాగస్వామి తన పేర తాను పర్మిట్ తెచ్చుకోవాల్సిందే. పీజీ, రెండేళ్ల బీఈడీ, లెక్కలో సైన్సో ఉన్నవారు నేరుగా ప్రయత్నించవచ్చు. వీరందరికీ మొదటి పని ఇంట్లోనే ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి ఉంటుంది, పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంకోటి ఉంటుంది. డిగ్రీకి ప్రొవిజనల్ మాత్రమే చేతిలో ఉండి ఒరిజినల్ ఇంకా యూనివర్సిటీలోనే ఉండిపోయినవారు ఎందరో. అక్కడి గుమస్తాకు కె. లక్ష్మి, లక్ష్మి కొండూరు ఒకరే అని చెప్పేది మన మాట కాదు, ఒక అఫిడవిట్. మార్కుల మెమోలు, ఒరిజినల్ డిగ్రీ తెప్పించుకుని, రాష్ట్రం చేత ధ్రువీకరింపజేసి, విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించుకోవాలి. 2005లో మన దేశం అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కనుక ఎంబసీల చుట్టూ తిరగక్కర లేదు. పోలీసు క్లియరెన్సూ కావాలి. మాల్టాలో పిల్లలతో పనిచేసేవారిని 2012 నాటి మైనర్ల రక్షణ చట్టం కింద విడిగా తనిఖీ చేస్తారు. ఈ పనులన్నీ తీరడానికి నెలలు పడుతుంది, సెప్టెంబరు చివర్లో బడులు తెరిచే లోపు ఉద్యోగం ఖాయం కావాలంటే చలికాలంలోనే మొదలుపెట్టాలి.

మధ్యధరాలో మిగతా దీవుల్ని పోల్చి చూస్తే మాల్టా ఇబ్బందులు తక్కువే అనిపిస్తుంది. సిసిలీలో ప్రభుత్వ బడి ఉద్యోగం ఇటాలియన్ రానిదే ఊహకు కూడా అందదు. సైప్రస్‌లో గ్రీకు ప్రధానం. ప్రభుత్వ టీచరు పోస్టుకు అక్కడివారే పట్టికలో దశాబ్దాలు వేచి ఉన్న చరిత్ర ఉంది. 1900లో మొదలైన నికోసియా ఇంగ్లీష్ స్కూలు లాంటి చోట్లు కొద్ది. ఉత్తర సైప్రస్ విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే ఆహ్వానాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1983లో ప్రకటించుకున్న ఆ రాజ్యాన్ని టర్కీ తప్ప ఏ దేశమూ గుర్తించలేదు, ఆ దారిన అడుగుపెట్టడాన్ని సైప్రస్ రిపబ్లిక్ అక్రమ ప్రవేశంగా పరిగణిస్తుంది.

మాల్టాలో రాబోయే మార్పు ఒకటి ఈ లెక్కనంతా కదిలించవచ్చు. యూరోపియన్ యూనియన్ 2024లో సింగిల్ పర్మిట్ నిబంధనలను తిరగరాసింది. సభ్యదేశాలు 2026 మే 21 లోగా వాటిని తమ చట్టాల్లోకి తెచ్చుకోవాలని గడువు పెట్టింది. దాని ప్రకారం కార్మికుడికి యజమానిని మార్చుకునే హక్కు ఉంటుంది, ఉద్యోగం పోయినా కనీసం మూడు నెలలు కొత్త పని వెతుక్కునే వ్యవధి ఉంటుంది. మొదటి యజమాని దగ్గర ఆరు నెలల దాకా ఉండి తీరాలన్న షరతు దేశాలు పెట్టుకోవచ్చు. చలికాలంలో గంటలు తగ్గించిన భాషా పాఠశాల నుంచి లెక్కల టీచరు కావాలన్న బడికి మారడం అప్పుడు ఇంత భయం గొలిపే పని కాకపోవచ్చు. ఆ రోజు వచ్చినా డిగ్రీ గుర్తింపు, వారెంటు, ఈఎల్‌టీ అనుమతి అడగడం మానరు, ఎందుకంటే అవి వలస చట్టం కింద కాదు, విద్యా చట్టం కింద అడిగేవి.